జానెడు ఎడం

అక్వేరియంలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆవిడ జిగురమ్మ. పాతికేళ్ళుగా పగడపు ముక్కల్ని రాతి బిళ్ళల మీద అతికించడమే పని కావడంతో కుడిచేతి బొటనవేలి మీదా చూపుడువేలి మీదా తెల్లగా ఎండిపోయిన జిగురు పొర ఎప్పుడూ ఉంటుంది. భోజనానికి కూర్చునేముందు గోటితో గీక్కుంటుంది. మర్నాడు పది గంటలకల్లా మళ్ళీ మామూలే.

ఆవిడకి కోపం రాదని అక్కడ చాలామంది నమ్మకం. పాపం, వాళ్ళకేం తెలుసు! అరిచేవాళ్ళ కోపం అరుపుతో పోతుంది. జిగురమ్మ ఏనాడూ అరిచింది కాదు. సొరచేపకి ముందు వరసలో పన్ను ఊడితే వెనక వరసలోది జరిగి దాని చోటుకొస్తుంది, దాని వెనక ఇంకోటి, ఆ వెనక ఇంకోటి, బతికున్నన్నాళ్ళూ తయారవుతూనే ఉంటాయి. జిగురమ్మ కోపమూ అంతే. ఇవాళ ఒకటి మింగేసిందంటే రేపటికి మరోటి సిద్ధం. ఆ కోపమంతా ఒకే ఒక్క మనిషి మీద. ఆ మనిషి అక్వేరియం మేనేజరు. పైగా సొంత చెల్లెలి మొగుడు.

సంగతి వాళ్ళ నాన్న దగ్గర మొదలైంది. ఆయన ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి గవ్వలు ఏరి తెచ్చేవాడు. తీరం నుంచి పడవలో గంట దూరం వెళితే ఒక పగడపు దిబ్బ ఉండేది. దాని చుట్టూ రెక్కల చివర నల్లమచ్చలున్న సొరలు తిరిగేవి. "వాటిని చూసి భయపడకే అమ్మాయ్. సొరలు తిరుగుతున్నాయంటే ఆ ఇంట్లో ఇంకా పొయ్యి వెలుగుతున్నట్టు లెక్క" అనేవాడు.

ఒక ఏడు వేసవి ముదిరి ముదిరి సముద్రం స్నానానికి కాచిన నీళ్ళలా తయారైంది. పగడం చూడ్డానికి రాయిలాగో చెట్టులాగో ఉంటుంది గానీ, వేలాది చిట్టి జంతువులు ఒకదాన్నొకటి అంటుకుని కట్టుకున్న ఇల్లు అది. ఒక్కోదానికీ ఒక నోరు, నోటి చుట్టూ వేళ్ళు. వాటి ఒంట్లోనే కంటికి కనపడనంత సన్నటి నాచు కాపురముంటుంది. ఎండలో వండిపెట్టేదీ ఆ నాచే, ఒంటికి రంగిచ్చేదీ ఆ నాచే. నీళ్ళు మరీ వేడెక్కితే పగడానికి ఏం తిక్క రేగుతుందో, ఆ వండిపెట్టే దాన్నే ఇంట్లోంచి గెంటేస్తుంది. తర్వాత తెల్లగా పాలిపోయి ఆకలితో చస్తుంది. ఆ ఏడు దిబ్బ దిబ్బంతా సున్నం కొట్టినట్టయింది. సొరలు వేరే దారి చూసుకున్నాయి.

అంత తెలుపు మధ్యలో ఒకే ఒక్క దుబ్బు తేనెరంగులో కనపడిందట నాన్నకి. దాంట్లోంచి బొటనవేలంత కొమ్మ విరిచి, సముద్రపు నీళ్ళ బకెట్లో పెట్టుకుని, తిన్నగా అక్వేరియానికి తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. అప్పటికి ఆవిడ అక్కడ గాజు తుడిచే పనిలో చేరి ఏడాది. "దీన్ని బతికించు" అన్నాడు. ఆపై ఏడాది ఆయనే లేడు.

ఆవిడ బతికించింది. పెద్దాయన అని పేరు కూడా పెట్టుకుంది. పగడం కొమ్మ విరిచి పక్కన అతికిస్తే పుట్టేది కొత్త ప్రాణి కాదు, ఆ పాతదే ఇంకోచోట కూడా బతకడం. ఆ లెక్కన వెనక షెడ్డులో తొట్లనిండా పెరిగిన నలభై రెండు పిలకలూ నాన్న చేత్తో పట్టుకున్న ఆ ఒక్క ప్రాణమే. రెండుసార్లు నీళ్ళు చల్లబరిచే యంత్రం చెడిపోయి మిగతా పగడాలు పాలిపోయినా పెద్దాయన రంగు చెక్కు చెదరలేదు. పొద్దున్నే వచ్చి ముందు ఆయన్ని పలకరించాకే జిగురమ్మ చెప్పులు విడిచేది.

మరిదిని అక్వేరియంలో పెట్టించింది ఆవిడే. పెళ్ళయ్యేనాటికి అతనికి కుదురైన పని లేదు. చెల్లెలి మొహం చూసి ఇద్దరు ముగ్గుర్ని బతిమాలుకుంది. రెండేళ్ళు పక్కన నిలబెట్టుకుని నేర్పింది. నీళ్ళలో ఉప్పు ఎంత ఉండాలి, ఏ పగడం ఏం తింటుంది, సొర మూతి మీద సన్నటి చిల్లులు ఎందుకుంటాయి, అన్నీ. ఆ చిల్లులతో సొర నీళ్ళలో పుట్టే ఇసుమంత కరెంటుని కూడా పసిగడుతుంది, అందుకే ఇనప పట్టకారు ముంచితే తిండి అనుకుని వచ్చి పొడుస్తుంది, ప్లాస్టిక్‌ది వాడాలి అని చెబితే "అబ్బ, నీ బుర్రే బుర్ర వదినా" అని నోరెళ్ళబెట్టేవాడు. ఆవిడ బొమ్మలు గీసి తన పద్ధతంతా రాసుకున్న నోటుబుక్కు ఒకటుండేది. ఇంటికి పట్టుకెళ్ళి చదువుకుంటానంటే ఇచ్చింది. ఆ పుస్తకంలో ప్రతి పేజీ మీదా ఒక మాట ఉంటుంది: పగడానికీ పగడానికీ మధ్య జానెడు ఎడం. ఎందుకో రాయలేదు. తనకి తెలిసిన సంగతి తనకే వివరించి రాసుకుంటారా ఎవరైనా?

ఆరు నెలలకి ఆ నోటుబుక్కు అచ్చుపుస్తకమై వచ్చింది, అట్ట మీద అతని పేరుతో. ఎక్కడో పెద్దవాళ్ళు పిలిచి పతకం ఇచ్చారు. తిరిగొచ్చేసరికి మేనేజరు కుర్చీ కాచుకుని ఉంది. జిగురమ్మ ఒకే ఒక్కసారి అడిగింది.

"అది నా పుస్తకం కదా?"

"డ్యూటీలో సార్ అను వదినా. వరసలు ఇంటి దగ్గర చూసుకుందాం."

ఆ సాయంత్రం పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. నవ్వుతూ నవ్వుతూ ఒక మాట విసిరాడు. "మా వదినకి జిగురు పూయడం బ్రహ్మాండంగా వచ్చు. బుర్రతో పనుంటే నా దగ్గరికి రండి." అందరూ నవ్వారు. చెల్లెలు ఆ రోజే వచ్చి చేతులు పట్టుకుంది, "ఇంట్లో గొడవ బయట పెట్టకే అక్కా, నా సంసారం వీధిన పడుతుంది" అని. చెల్లెల్ని చూసి మింగేసింది జిగురమ్మ. అది జరిగి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ అతన్ని సార్ అనే పిలిచింది. పిలిచిన ప్రతిసారీ లోపల పళ్ళు నూరింది. వీడు నలుగురిలో తెల్లమొహం వేసుకుని నిలబడే రోజు నా కళ్ళతో చూడాలి అనుకుంది. పెద్దాయన్ని బతికించుకోవడం తర్వాత ఆవిడ జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే.

ఈ ఏడు సొరచేపల హాలు కట్టారు. ఒక గోడ గోడంతా గాజు, గాజు వెనక నీళ్ళు, నీళ్ళలో చేతికందే ఎత్తుకి లేపిన రాతి గుట్ట మీద పగడాల తోట, పైన తిరగడానికి ఐదు నల్లమచ్చల సొరలు. ప్రారంభోత్సవానికి అక్వేరియం చైర్మన్‌గారు వస్తున్నారు. వెనక షెడ్డు పడగొట్టి అక్కడ టికెట్ల గది కడతారట, కాబట్టి షెడ్డులో పగడాలన్నీ, నలభై రెండు పిలకలతో సహా, కొత్త ట్యాంకులోకే రావాలి. ప్రారంభానికి పదిహేను రోజుల ముందు మేనేజరు షెడ్డుకి వచ్చాడు. తడి నేల మీద బూట్లు పాడవకుండా మునివేళ్ళ మీద నడుస్తూ ఒక రంగుల బొమ్మ చూపించాడు.

"ఇలా ఉండాలి. మధ్యలో చుక్కల పగడం. దాని చుట్టూ నీ కొమ్మలు. పూలగుత్తి కట్టినట్టు ఒత్తుగా. మధ్యలో బోడి జాగా కనపడకూడదు."

చుక్కల పగడం అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆకుపచ్చగా, నక్షత్రాలు పోసినట్టు, అంత అందమైన పగడం ఆ షెడ్డులో ఇంకోటి లేదు. పగలు చూస్తే దానంత సాధువు ఉండదు. చీకటి పడిందా, అంచుల్లోంచి దాదాపు జానెడు పొడుగు తీగలు బయటికి తీస్తుంది. నీళ్ళలో కొరడాల్లా అవి అటూ ఇటూ ఊగుతాయి. పక్కన ఏ పగడం తగిలినా సరే, దాన్ని చురుక్కు చురుక్కుమని కాలుస్తూ పోతుంది, అది చచ్చి చోటిచ్చేదాకా. కాలూ చెయ్యీ కదపలేనివాళ్ళు స్థలం కోసం కొట్టుకునే పద్ధతి అది. పాతికేళ్ళ కిందట, కొత్తలో, ఒక దుబ్బుని అలా పోగొట్టుకునే జిగురమ్మ జానెడు ఎడం నేర్చుకుంది.

"జానెడు ఎడం ఉంచాలి కద సార్?" అంది.

అతను జాలిగా నవ్వాడు. "ఆ ఎడం వెలుతురు కోసం వదినా. ఒకదాని నీడ ఒకదాని మీద పడకుండా. నా పుస్తకంలో అదే రాశాను. అది పాత ట్యూబులైట్ల కాలం నాటి మాట. ఇప్పుడు మనం పెట్టిన లైట్ల పవరెంతో తెలుసా నీకు?"

జిగురమ్మకి ఒక్క క్షణం చెవులు పనిచేయలేదు. పదకొండేళ్ళు! పదకొండేళ్ళుగా జానెడు ఎడం, జానెడు ఎడం అని వేదికలెక్కి పాఠాలు చెబుతున్న మనిషికి అది ఎందుకో తెలియదు. ఎలా తెలుస్తుంది? ఐదు కొట్టగానే ఇంటికి పోతాడు. ఆవిడ ఎడం ఉంచినన్నాళ్ళూ తొట్లలో కొట్లాట లేదు, కొట్లాట లేదు కాబట్టి అతను ఎన్నడూ చూడలేదు. దొంగిలించినవాడు సొమ్ము మూట విప్పి కూడా చూసుకోలేదన్నమాట. ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వుని జిగురు డబ్బా మూత బిగించే వంకతో కిందికి దించుకుంది.

"అయితే ఎక్కడెక్కడ పెట్టాలో కాగితం మీద గీసివ్వండి సార్. నాకు జిగురు పూయడమే కదా వచ్చు, మళ్ళీ తేడా వస్తే మీకు మాట."

అతను ఉషారుగా గీసిచ్చాడు. మధ్యలో చుక్కల పగడం, చుట్టూ నలభై రెండు గీతలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. కింద సంతకం. జిగురమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

ఆవిడ మరీ అంత మూర్ఖురాలేం కాదు, తన లెక్క తనకుంది. కొరడాలు బయటికొచ్చేది రాత్రుళ్ళే. పగలంతా లైట్లు వెలుగుతాయి. ఓ వారం పది రోజులైతే కొమ్మల చివర్లు కాలి తెల్ల మచ్చలు పడతాయి, అంతకన్నా ఏం కాదు. పదిమందిలో అతని పరువు తీయడానికి ఆ మచ్చలు చాలు. ప్రారంభమైన సాయంత్రమే పిలకల్ని దూరం జరిపేస్తే నెల తిరిగేసరికి పెద్దాయన కోలుకుంటాడు. అందుకే ఆ పిలకలకి జిగురు నామమాత్రంగా పూసింది, లాగితే ఊడొచ్చేటట్టు. "నాలుగు రోజులు ఓర్చుకో" అని పెద్దాయనతో అంది కూడా. గీతకి గీత తప్పకుండా, బొమ్మలో ఉన్నది ఉన్నట్టు సర్దింది. ఆ మర్నాడే షెడ్డు పడగొట్టారు.

ప్రారంభానికి ఐదు రోజుల ముందు సొరలు దిగాయి. గుండ్రటి తొట్లలో, లారీ మీద. ఈదడం ఆపితే ఊపిరాడని జాతి కాబట్టి దారి పొడుగునా అవి గిరగిరా తిరుగుతూనే వచ్చాయి. రెండు మరీ పసివి, పొట్ట కింద బొడ్డు మచ్చ ఇంకా పూర్తిగా మానలేదు. ఈ సొరలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. దించుతుంటే మేనేజరు పది అడుగుల దూరంలో నిలబడి పనులు పురమాయించాడు. ఎన్నేళ్ళు పనిచేసినా సొరలంటే అతనికి వణుకే, ట్యాంకు పైనున్న చెక్క మెట్టు మీదికి ఒక్కనాడూ ఎక్కినవాడు కాదు. పళ్ళున్నదాన్ని చూసి భయపడతాడు గానీ, అసలు ప్రాణం తీసేది కింద పూలగుత్తిలా కూర్చున్నదని అతనికేం తెలుసు!

"లైట్లన్నీ ఆపెయ్యండి" అన్నాడు. "గాజుకి నల్లగుడ్డ కట్టండి. ప్రారంభం రోజుదాకా తియ్యొద్దు. సొరలు బెదిరి గాజుకేసి గుద్దుకున్నాయంటే నా కొంప మునుగుతుంది."

ఇది జిగురమ్మ లెక్కలో లేదు. ఐదు రోజులు చీకటి. రాత్రీ పగలూ చీకటే. కొరడాలు లోపలికి ముడుచుకునే వేళే ఉండదు.

"సార్, అంత చీకట్లో..." అంది.

"సొరల సంగతి నాకు నేర్పకు వదినా. నువ్వు జిగురు సంగతి చూసుకో."

అలాగే, జిగురు సంగతే చూసుకుంటాను అనుకుంది. అరికాలి మంట నెత్తికెక్కిందన్నమాట.

సొరలకి తిండి వేసే పని ఆవిడదే. మొదటిరోజు మధ్యాహ్నం ఎర్ర టార్చి పట్టుకుని మెట్టెక్కి చూసింది. చుక్కల పగడం కొరడాలు చాచి ఉంది. దగ్గరగా ఉన్న నాలుగైదు పిలకల మీద గోరంత గోరంత తెలుపు. తన లెక్కలో ఉన్నంతే. రెండోరోజుకి ఆ తెలుపు వేలెడు పాకింది, జిగట జిగటగా ఒంటి మీది పొర ఊడి నీళ్ళలో తేలుతోంది. జిగురమ్మ చేయి మోచేతిదాకా నీళ్ళలోకి పోయింది. మొదటి పిలక వేళ్ళకి తగిలింది కూడా. అలా లాగేస్తే ఊడొచ్చేది. ఒక పావుగంట పని, అంతే. అన్నిటినీ ఊడబీకి ట్యాంకు ఆ మూలకి చేర్చేస్తే సగానికి పైగా బతికేవి.

అదే సమయానికి కింద నుంచి చెల్లెలు పిలిచింది. మొగుడికి కొత్త కోటు తెచ్చిందట, ఇస్త్రీ చేయించి.

"అక్కా, ఎక్కడున్నావే! నీకో మంచి మాట. ఆయన స్టేజీ మీద నీ గురించి కూడా చెప్తారట. 'మా వదిన చేతి సాయం చేసింది' అని. నేనే చెప్పమన్నాలే."

నీళ్ళలో ఉన్న చేయి నీళ్ళలోనే ఆగిపోయింది. చేతి సాయం! నాన్న ఇచ్చిన ముక్క, పాతికేళ్ళ చాకిరీ, జిగురుకి తోలు లేచిపోయిన వేళ్ళు, కళ్ళు పాడుచేసుకుని గీసుకున్న బొమ్మలు, అన్నీ కలిపి చేతి సాయం. చెల్లెలు ఎంత సంతోషంగా చెప్పిందంటే, ఆ సంతోషానికే జిగురమ్మ కడుపు రగిలిపోయింది.

"వస్తున్నా" అంది. చేయి బయటికి తీసి చీరకి తుడుచుకుంది.

మూడోరోజు చూసేసరికి పెద్దాయన ఒళ్ళు సగం బోసిపోయింది. అప్పుడు ఏడుపొచ్చింది. వెక్కి వెక్కి ఏడుస్తూనే సొరలకి చేప ముక్కలు వేసింది. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఎవరికి చెప్పాలి? అతనికే చెప్పాలి. చెబితే అతను మధ్యాహ్నానికల్లా అన్నీ సర్దించి, సాయంత్రానికల్లా తనే కనిపెట్టానని చెప్పుకుంటాడు. ఇది అతనికి దక్కకూడదు. దక్కనివ్వను. నాలుగోరోజు ఏడుపు రాలేదు. ఐదోరోజు టార్చి వెలిగించను కూడా లేదు.

ప్రారంభం రోజు పొద్దున పదింటికి హాలు నిండిపోయింది. ముందు వరసలో చైర్మన్‌గారు, పక్కన ఎవరో నలభై ఏళ్ళావిడ, ఒళ్ళో ఒక తెల్ల డబ్బా. ఆవిడ పగడాల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ అని ఎవరో అన్నారు. మేనేజరు కొత్త కోటులో మెరిసిపోతూ తాడు లాగాడు. నల్లగుడ్డ జారింది, లైట్లు వెలిగాయి.

జనం చప్పట్లు కొట్టారు. ఈ మాట నమ్మండి, నిజంగానే కొట్టారు. మధ్యలో నిగనిగలాడే ఆకుపచ్చ, చుట్టూ నలభై రెండు తెల్లటి కొమ్మలు, పైన తాపీగా తిరిగే సొరలు. అంతా ముచ్చటగా ఉందనుకున్నారు. షోకేసుల్లో పెట్టుకునే పగడం తెల్లగానే ఉంటుంది కదా మరి. ఫోన్లెత్తి ఫోటోలు తీసుకున్నారు. డాక్టరమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. డబ్బా కుర్చీలో పెట్టి గాజు దాకా వెళ్ళి, మొహం ఆనించి చూసి, వెనక్కి తిరిగింది.

"ఇవన్నీ చచ్చిపోయాయి" అంది.

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ మెల్లగానే అడిగింది. "మీ పుస్తకం నేను పిల్లలకి పాఠంగా చెబుతానండీ. ప్రతి పేజీలో జానెడు ఎడం అని ఉంటుంది. మరి ఇక్కడెందుకు వదల్లేదు?"

"అది... వెలుతురు కోసం కదండీ... ఇప్పుడు లైట్ల పవరు..." అన్నాడు మేనేజరు.

"వెలుతురు కోసమా?" అంది డాక్టరమ్మ. చైర్మన్‌గారు మేనేజరు వంక చూశారు. ఆ చూపు కోసం జిగురమ్మ పదకొండేళ్ళు కాచుకుంది. అతను చుట్టూ చూసి, చివరికి వేలు చూపించాడు. "సర్దిందంతా ఆవిడండీ. మా వదిన."

జిగురమ్మ ముందుకొచ్చి నాలుగు మడతల కాగితం విప్పి చైర్మన్‌గారి చేతికిచ్చింది. బొమ్మ, గీతలు, సంతకం. తర్వాత నలుగురికీ వినపడేటట్టు చెప్పింది. ఎడం ఎందుకో, కొరడాలు ఎప్పుడొస్తాయో, జానెడే ఎందుకు కావాలో. పాతికేళ్ళుగా ఎవరూ అడగని పాఠం గడగడా అప్పజెప్పింది. కోటు వేసుకున్న మనిషి నేల చూపులు చూశాడు. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జిగురమ్మ దేనికీ ఆగలేదు. ఒళ్ళంతా తేలికైపోయినట్టు, పాతికేళ్ళు వెనక్కి పోయినట్టు ఉంది ఆవిడకి.

"అంటే ఆ పుస్తకం మీదా అమ్మా?" అంది డాక్టరమ్మ.

"నాదే."

"ఈ తేనెరంగు పగడం పెంచిందీ మీరే?"

"నేనే. మా నాన్న తెచ్చిచ్చాడు."

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

"తెలుసు" అంది జిగురమ్మ, గర్వంగానే. "రోజూ వచ్చి చూశాను కూడా."

డాక్టరమ్మ తన కుర్చీ దగ్గరికెళ్ళి తెల్ల డబ్బా మూత తీసింది. లోపల తడి స్పాంజి, దానికి వరసగా చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంట ఒక్కో పిలక పట్టేంత.

"పుస్తకంలో దీని సంగతి చదివి మూడు నెలల కిందట ఇక్కడికి ఉత్తరం రాశానమ్మా. ఈ పగడం పెంచినవాళ్ళకి అని. మీ నాన్నగారు దీన్ని తెచ్చిన ఆ దిబ్బ మీద ఇప్పుడు బతికున్న పగడం ఒక్కటీ లేదు. వేడికి తట్టుకున్నది ఇదొక్కటే. అడుగున ఇనప చట్రాలు కట్టి సిద్ధంగా ఉంచాం. ఈ పిలకలు పట్టుకెళ్ళి అక్కడ నాటాలని, మొదటిది పెంచినవాళ్ళ చేత్తోనే అతికించాలని రాశాను. ప్రారంభం రోజు రండి, నా చేతుల మీదుగా ఇస్తాను అని మేనేజరుగారి పేరు మీద జవాబొచ్చింది."

జిగురమ్మ మరిది వైపు తిరిగింది. ఆ ఉత్తరం కూడా నొక్కేశాడు. అందుకు వాణ్ణి తిట్టాలి, చెంప పగలగొట్టాలి. ఉత్తరం దాచింది వాడు. నీళ్ళలోంచి చెయ్యి తీసింది తను.

"వేరే చోట ఒక్క పిలకైనా ఉంచారా అమ్మా?"

"షెడ్డు పడగొట్టేశారు" అంది. "అన్నీ ఇక్కడే ఉన్నాయి."

ఎవరినీ అడక్కుండా ట్యాంకు వెనక్కి వెళ్ళి మెట్టెక్కింది. భుజాల దాకా చేతులు ముంచి ఒక్కో పిలకనీ ఊడదీసింది. లైటు కింద తిప్పి తిప్పి, కొమ్మల సందుల్లో, మొదళ్ళ కింద, పెసరగింజంత తేనెరంగు ఎక్కడైనా మిగిలిందేమోనని వెతికింది. నామమాత్రంగా పూసిన జిగురు, పట్టుకోగానే ఊడొచ్చేసింది ఒక్కొక్కటీ. పసి సొర ఒకటి వచ్చి మోచేతికి మూతి ఆనించి పోయింది. పది చూసింది, ఇరవై చూసింది. జనం ఒక్కొక్కరే బయటికెళ్ళిపోయారు. చైర్మన్‌గారు మేనేజర్ని తన గదికి రమ్మన్నారు. కాసేపటికి ఇద్దరు పనివాళ్ళు నిచ్చెన తెచ్చి, హాలు గుమ్మం మీద మేనేజరు పేరున్న ఇత్తడి పలకని విప్పసాగారు. "జిగురమ్మా, ఇటు చూడు!" అని వాళ్ళలో ఒకడు సంబరంగా కేకేశాడు. ఆవిడ తల తిప్పలేదు. ముప్ఫై ఎనిమిదోది చేతిలో ఉంది.

నలభై రెండోదాన్ని కూడా వెలుతురులో పెట్టి చూసి, మిగతా వాటి పక్కన పెట్టి, మెట్టు దిగి వచ్చింది. చీర మోకాళ్ళదాకా తడిసి నీళ్ళు కారుతోంది. డాక్టరమ్మ ఇంకా డబ్బా మూత పట్టుకునే నిలబడి ఉంది.

"మూసెయ్యమ్మా" అంది జిగురమ్మ. "పెట్టడానికేం లేదు."